ఇంటి వంట – ఇంటిల్లిపాది బలము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, వీధిదీపములు, పన్నులు, మురుగుకాలువలు – వీనిని గూర్చి ఈ రెండు దినములుగా మీరు ఎన్నో విషయములు వినియున్నారు. ఇప్పుడు మేము వంటయింటిని గూర్చి ముచ్చటింపదలచినాము. పంచాయతీకిని వంటయింటికిని ఏమి సంబంధమని కొందరికి తోచవచ్చును. 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 గలవు. త్రాగునీరు, ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము, ప్రజా పంపిణీ వ్యవస్థ వానిలోనివే. ఈ నాలుగును వచ్చి కలియు చోటు పొయ్యి దగ్గరనే.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఒక పల్లెలో పోషకాహారమును గూర్చి సభ జరిపితిమి. పాలు, గ్రుడ్లు, ఆపిలు పండ్లు, బాదము పప్పులు చిత్రించిన రంగుల పటమును గోడకు వ్రేలాడదీసి చాలసేపు ఉపన్యసించితిమి. చివరకు ఒక వృద్ధురాలు లేచి, "బాబూ, బొమ్మ బాగున్నది. మా యింట ఆరుగురం. కూలి తెచ్చేది ఇద్దరు. ఆ డబ్బులోనే ఏం వండుకోవాలో చెప్పు. కొనలేనివి చూపిస్తే ఏం లాభం?" అని అడిగినది. మాయొద్ద సమాధానము లేకపోయినది. పటము చుట్టుకొని తిరిగివచ్చితిమి. నేటి ప్రసంగము ఆమె ప్రశ్నకు ఆలస్యముగా చెప్పుచున్న జవాబు.

మన రాష్ట్రమునకు అన్నపూర్ణ యని పేరు. కాని 2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్ర ప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనతతో బాధపడుచున్నారు. ఆరు మాసములు నిండి ఐదేండ్లు నిండని శిశువులలో ఆ లెక్క నూటికి 63.2. పొరుగున తెలంగాణములో స్త్రీలలో 57.6, శిశువులలో 70. గాదెలు నిండుగా నున్నను రక్తము పలుచగా నున్నది. రక్తహీనురాలైన తల్లికి కాన్పు సమయమున కొద్దిపాటి రక్తస్రావమైనను ప్రాణాపాయమే. ఆమెకు పుట్టు బిడ్డ తక్కువ బరువుతో పుట్టుటకు అవకాశ మెక్కువ. నాట్లలో త్వరగా అలసిపోవు కూలి స్త్రీని సోమరి యని నిందించుటకు ముందు, ఆమె నిన్న ఏమి తిన్నదో విచారింపవలెను.

ఈ స్థితికి బీదరికము ఒక కారణమే. అయితే ఇంటికి వచ్చిన దినుసులలోని సారమును మనచేతులతో మనమే పారబోసికొనుట రెండవ కారణము. డబ్బు పెంచుట ఒక దినమున కాదు. పారబోయుట మానుటకు నేటి సాయంకాలమే చాలును.

మొదట బియ్యము సంగతి. తెల్లని మరబియ్యమును మూడు నాలుగు మారులు పిసికి కడిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, గంజి వార్చి పారబోయుట అనేక గృహములలో వాడుక. తవుడుతో కొంత, కడుగునీటితో కొంత, గంజితో మిగిలినది – ఈ విధముగా బి విటమినులు మూడు మారులు నష్టమగుచున్నవి. పూర్వము ఉత్తర సర్కారు జిల్లాలలో మరపట్టిన పచ్చిబియ్యమే ప్రధానముగా తినువారిలో బెరిబెరి వ్యాధి కనబడుచుండెను. ఉప్పుడుబియ్యము తిను ప్రాంతములలో ఆ బాధ అంతగా లేకుండెను. కనుక బియ్యమును ఒకటి రెండు మారులు మాత్రమే తేలికగా కడిగి, అత్తెసరు పెట్టి వండుట మేలు. వార్చక తప్పనిచో ఆ గంజిని ఉప్పు, మజ్జిగ కలిపి త్రాగవచ్చును, చారులోనైనను కలుపవచ్చును. ఇందులకు పైసా ఖర్చు లేదు.

రెండవది, కంచములో బియ్యమునకు మిక్కిలి పెద్దపీట వేయుట. కూనూరులో 1918లో ఆరంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పరిశోధనశాలయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము, దినమునకు 2000 కిలో కేలరీలు అవసరమగు మనిషికి ధాన్యములు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు కావలెను. అనగా మూడు పాళ్ళు ధాన్యమునకు ఒక పాలు పప్పు. పొలములో కష్టించువారికి మొత్తము పెరుగవచ్చును గాని, ఈ పాలు మారరాదు. ధాన్యములో కొరతపడిన మాంసకృత్తులను పప్పు పూరించును. పప్పులోని కొరతను ధాన్యము పూరించును.

ధాన్యములన్నిటిలో బియ్యమొక్కటే అన్నమనుకొనుట ఇటీవలి అలవాటు. రాయలసీమలో రాగిసంగటి, ఉత్తరాంధ్రలో చోడి అంబలి, తెలంగాణములో జొన్నరొట్టె తరతరముల భోజనములు. నూరు గ్రాముల రాగులలో సున్నము 340 మిల్లీగ్రాములకు మించియుండగా, అంతే బియ్యములో పది మిల్లీగ్రాముల ప్రాంతముననే యున్నది. ఎదుగు పిల్లల ఎముకలకు, బాలింతలకు ఈ సున్నము అత్యవసరము. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. మన అవ్వలు ఎరిగిన సంగతిని లోకమంతయు మరల గ్రహించినది. దినమున ఒక్కపూట జావయో, సంగటియో, రొట్టెయో వాడినచో చాలును.

"పప్పు ప్రియమైనది గదా" యని మీరనవచ్చును. నిజమే. అందుకే కందిపప్పు ఒక్కదానినే నమ్ముకొనరాదు. ఉలవలు, పెసలు, బొబ్బర్లు, వేరుశనగలు మన మెట్టపొలములలో పండునవే. ఉలవలు పశువుల దాణా యని చులకన చేయకూడదు. మాంసకృత్తులలో అవి కందిపప్పుకు తీసిపోవు. పెసలు నానబెట్టి మొలకెత్తించినచో వానిలో సి విటమిను పెరుగును. స్వయం సహాయక సంఘముల సోదరీమణులు కోతకాలమున కలిసి టోకున పప్పుదినుసులు కొని పంచుకొన్నచో, చిల్లర ధర బాధ చాలవరకు తగ్గును. మాంసాహారులకు కోడిగ్రుడ్డు, ఎండుచేపలు మేలైన తోడు. ఒక్క గ్రుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు గలవు.

మూడవది ఆకుకూర. తోటకూర, గోంగూర, బచ్చలి, పొన్నగంటి, మునగ – వీనికి ఎకరముల భూమి అక్కరలేదు. స్నానాల గది నీరు పారుచోట ఒక మునగచెట్టు, ఒక కరివేపచెట్టు, ఒక బొప్పాయి, రెండు తోటకూర మళ్ళు చాలును. ఆషాఢమున మునగాకు తినవలెనని పెద్దలు చెప్పిరి. మిగిలిన మాసములలో తినరాదని చెప్పలేదు. ఆకుకూరను తరిగిన పిమ్మట కడుగరాదు. కడిగిన పిమ్మటనే తరుగవలెను. మూతపెట్టి, తక్కువ నీటిలో, తగినంతసేపు మాత్రమే ఉడికింపవలెను. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టుటకు పులుపు తోడుపడును. అందుచేత పప్పుపై నిమ్మరసము పిండుకొనుట, భోజనముతో ఉసిరిపచ్చడి గాని, భోజనమైన పిమ్మట జామకాయ గాని తినుట మంచిది. అన్నము తినిన వెంటనే టీ త్రాగినచో ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. టీని ఒక గంట వెనుకకు జరుపుటకును ఖర్చు లేదు.

నాల్గవది పొట్లముల సంగతి. ఇద్దరు పిల్లలకు దినమునకు పది రూపాయల చొప్పున కారపు పొట్లములు కొనియిచ్చినచో నెలకు ఆరువందల రూపాయలగును. అందులో దక్కునది ఉప్పు, నూనె, రంగు. ఆ ఆరువందలకు ఎన్ని గ్రుడ్లు, ఎన్ని వేరుశనగలు, ఎంత బెల్లము వచ్చునో మీ ఊరి అంగడిలోనే లెక్క వేసి చూడుడు. వేయించిన వేరుశనగలు బెల్లముతో దంచి ఉండలు చేసియిచ్చినచో పిల్లలు వలదనరు. "డబ్బు లేదు" అన్న ఇంటిలోనే ఈ ఆరువందలు పోవుచుండుట మేము పలుమారులు చూచినాము.

ఇంతవరకు చెప్పినవి సులభమైన మాటలు. ఇకమీదిది కష్టమైన మాట. వంట ఎంత బాగుగా చేసినను, వడ్డన సరిగా లేనిచో ఫలితము శూన్యము. అనేక గృహములలో మొదట పురుషులు, తరువాత పిల్లలు, చిట్టచివర ఇల్లాలు భుజించుట ఆచారము. అప్పటికి పప్పు అడుగంటును, కూర గిన్నె ఖాళీయగును. ఇల్లాలు ఊరగాయతోను, నీళ్ళమజ్జిగతోను ముద్ద ముగించును. అందరికి పెట్టు చేతికే ఆహారము చాలకపోవుచున్నది. నూటికి 58.8 అను ఆ లెక్క పుట్టిన చోట్లలో ఇదియు నొకటి. అందరును కలిసి కూర్చుండి తినుట, లేదా ఇల్లాలి పాలు ముందుగానే వేరు గిన్నెలో తీసియుంచుట – ఈ రెండింటిలో ఏదియో ఒకటి ప్రతి ఇంట జరుగవలెను. సభలో కూర్చున్న పురుషులు మొదట తమ ఇంటిలోనే దీనిని ఆరంభింపవలెనని మా మనవి.

పసిబిడ్డల విషయమున మరియొక మాట. ఆరు మాసములు నిండువరకు తల్లిపాలు మాత్రమే పట్టవలెను. ఆపై అన్నప్రాశనము చేయుట మన సంప్రదాయము. కాని వేడుక ముగిసిన పిమ్మట బిడ్డకు పప్పుకట్టు నీరు, పలుచని జావ మాత్రమే పోయుచున్నారు. నీటితో కడుపు నిండును గాని బిడ్డ పెరుగడు. మెత్తగా మెదిపిన అన్నము, చిక్కని పప్పు, కొంచెము నెయ్యి లేక నూనె, ఉడికిన ఆకుకూర, వీలున్నచో గ్రుడ్డు – తల్లిపాలతోపాటు ఇవి పెట్టవలెను. ఇక ఇదివరకే రక్తహీనత ముదిరినవారికి తిండి యొక్కటే చాలదు. గర్భిణులకు ప్రభుత్వము 180 దినములు, కాన్పు పిమ్మట మరి 180 దినములు ఇనుము మాత్రలు ఉచితముగా ఇచ్చుచున్నది. వానిని పెట్టెలో దాచక మ్రింగవలెను.

సభ్యులారా! ఇందులో మీ వంతు ఏమన – నెలకొకసారి అంగన్వాడీ కేంద్రమునకు వెళ్ళి బిడ్డల బరువుల పుస్తకము చూడుడు. బరువు పెరుగని బిడ్డ యింటికి ఆశా కార్యకర్తతో కలిసి ఒకమారు వెళ్ళుడు. బడిలో మధ్యాహ్న భోజనమును పిల్లల ప్రక్కన కూర్చుండి రుచి చూడుడు. త్రాగునీటిలో క్లోరిను కలుపుట ఒక్క దినమైనను తప్పనీయకుడు. విరేచనములు పట్టిన బిడ్డకు ఎంత పెట్టినను వంటబట్టదు. ఫిబ్రవరి, ఆగస్టు మాసములలో జరుగు నులిపురుగుల నివారణ దినమున మీ ఊరి బిడ్డలందరికి మాత్ర అందినదో లేదో కనుగొనుడు. వీధికుళాయిల మురుగును బడి ఆవరణలోనికి మళ్ళించి మునగ, జామ, బొప్పాయి నాటింపుడు. వీనిలో దేనికిని కొత్త నిధులు మంజూరు కానక్కరలేదు.

ఆనాడు మమ్ములను ప్రశ్నించిన అవ్వ ఊరికి మేము మరల పోవలసియున్నది. ఈమారు రంగుల పటము తీసికొనిపోము. ఒక మునగకొమ్మ, గుప్పెడు ఉలవలు, ఒక నిమ్మకాయ తీసికొనిపోయి, ఆమె పొయ్యి దగ్గరనే కూర్చుండి మాటాడుదుము. వండిన పిమ్మట ఆమెకును, ఆమె కోడలికిని మొదట వడ్డింపుమని కోరుదుము. మీరును మీ మీ ఊళ్ళలో ఈ పని ఆరంభింతురని ఆశించుచు సెలవు గైకొనుచున్నాము.