పరభాషవారి కొఱకు ప్రార్థన



1854 జనవరి 1వ తేదీ తెల్లవాఱుజామున ఒంగోలు కొండమీఁద అయిదుగురు మోకరించిరి. అమెరికానుండి వచ్చిన జ్యూయెట్టు దొరగారును, వారి భార్యయు, మువ్వురు తెలుఁగు క్రైస్తవులును. ఈ సీమకొక బోధకుని పంపుమని దేవుని వేఁడుకొనిరి. పండ్రెండేండ్లకు, 1866లో, క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి.

ఈ కథలో ప్రార్థన ఫలమును పలువురు చూతురు. నేను మఱియొకటి చూచుచున్నాను. జ్యూయెట్టుగారు 1849లోనే నెల్లూరు చేరి తెలుఁగు నేర్చిరి. ఎవరికొఱకు వేఁడిరో వారి నుడి ఆయనకుఁ దెలియును. ఆ నుడి యాడువారే ఆయన ప్రక్క మోకరించిరి.

నా తప్పొకటి చెప్పెదను. మన్యమున బడిపంతులుగా నున్నప్పుడు, ప్రార్థనకూటమున నొక సవర బాలుఁడు తన భాషలో ప్రార్థింప మొదలిడెను. "తెలుఁగునఁ జెప్పుము, నలుగురికిఁ దెలియును" అంటిని. వాఁడు నోరు మూసికొనెను. ఆ యేఁడంతయు కూటమున మరలఁ దెఱవలేదు. ఇంత వ్యాకరణము చదివినను వాని భాషలో నొక్క మాటయు రాదని నేనానాఁడు సిగ్గుపడవలసినది, పడలేదు.

కావున సవరలకొఱకును, కోయలకొఱకును, గోండులకొఱకును ప్రార్థించు పెద్దలకు నా మనవి. బోధకుని పంపుమని యడుగుటకు ముందు, వారి మాట వినఁగల చెవి మనకిమ్మని యడుగుఁడు. వారిలో నొకరు మీ కూటమునకు వచ్చినచో తన భాషలోనే ప్రార్థింపనిండు. అర్థము కాకున్నను ఓపికతో వినుఁడు. చివర "ఆమేన్" అనుటకు మనకు నిఘంటు వక్కఱలేదు.