దిగబడిన ట్రాక్టరునకు ఏ వించి తగును?



1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప మా నడిగూడెము ప్రాంతమున వరి పెరిగినది. వరితోపాటు ఊబియు పెరిగినది. దమ్ము దినములలో ట్రాక్టరు దిగబడని ఏడు లేదు.

దిగబడినపుడు మనవారు వెనుక చక్రములకు దుంగను గొలుసుతో కట్టి ఇంజనును జోరుగా తోలుదురు. నేనును అట్లే చేయించితిని. చక్రము కదలనపుడు ఇంజను బలము ట్రాక్టరు ముందుభాగమును పైకెత్తును. రెప్పపాటులో బండి వెల్లకిల పడి తోలువానిని నలిపివేయును. ఆనాడు ముందు చక్రములు మూరెడు లేచినవి. మా తమ్ముడు క్లచ్చి త్రొక్కెను గనుక బ్రదికెను. నాటినుండియే నేను వించిని గూర్చి విచారింప మొదలిడితిని.

వించి యనగా ఇనుపమోకును డ్రమ్ముపై చుట్టుకొనుచు బరువును లాగు యంత్రము. మోటబావి గిలక నెఱిగిన మీకు ఇది వింత కాదు. చేతితో త్రిప్పునది చవుక. ఖాళీ ట్రక్కునకు చాలును, అంతే. బ్యాటరీతో నడచునది జీపులకు మేలు. నేను తొలుత కొన్నది అదియే. అది బరువు లాగునపుడు 400 ఆంపియర్ల వఱకు పీల్చును. మోటారు త్వరగా కాగును, మాటిమాటికి చల్లార్పవలెను. ఇంజను ఆపి లాగితిని గనుక పిదప ట్రాక్టరు స్టార్టే కాలేదు!

మాగాణికి తగినది పి.టి.ఓ. వించి. రోటవేటరును త్రిప్పు ఇరుసే దీనిని త్రిప్పును. ఇంజను నడచునంతసేపు లాగును. దీనిని వేఱొక ట్రాక్టరునకు తగిలించి గట్టినేలపై నిలుపవలెను. ఊబిలోనికి రెండవ బండిని దింపనక్కఱలేదు.

అమ్మువాడు చెప్పు బలము డ్రమ్ముపై మొదటి పొరకే వర్తించును. పైపొరలకు పోయినకొలది అది తగ్గి, నాలుగవ పొరకు ఇంచుమించు మూడవవంతు పోవును. కావున రెండు టన్నుల ట్రాక్టరునకు మూడు టన్నుల వించియైనను ఉండవలెను. ఇరుసుదాక దిగినచో అదియు చాలదు. అప్పుడు దిగిన బండికి కప్పీ కట్టి, మోకును దానిగుండ త్రిప్పి, కొసను తాటిచెట్టు మొదట వెడల్పు పట్టీతో బిగించినచో లాగుబలము దాదాపు రెట్టింపగును, వేగము సగమగును. ట్రక్కున్నచో ముందుగా విప్పి వేఱుగా లాగవలెను.

డ్రమ్ముపై ఐదు చుట్లైన మిగులవలెను. మోకు తెగినచో కొరడావలె కొట్టును. దానిపై తడిగోనె వేసి, పిల్లలను మోకు పొడవునకు మించిన దూరమున నిలుపుడు.

ఒక్కరికి ఖరీదు భారమే. మేము ముగ్గురము కలిసి కొంటిమి. అది మా తమ్ముని కొట్టములో నున్నది; తాళముచెవి మాత్రము మా వదినగారి యొద్ద నుండును.