డ్రాగన్లు మన బడికి ఎందుకు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరును పిలిచి పుస్తకం గురించి మాట్లాడమన్నారు. బోర్ల గురించో, చెరువు కట్టల గురించో అయితే కాగితం లేకుండా మాట్లాడేవాడిని. ఇది పదిమంది అభిప్రాయాలు ఒకచోట చేర్చి చెప్పాల్సిన పని కాబట్టి రాసుకొచ్చాను. ఇరవై నిమిషాలు దాటితే కార్యదర్శి గంట కొడతానన్నారు.

సంగతేమంటే, స్వర్ణోత్సవాల సందర్భంగా బడి గ్రంథాలయానికి మన సంఘం కొన్ని పుస్తకాలు ఇవ్వాలనుకుంది. బెంగళూరులో ఉంటున్న మన తమ్ముడొకరు పంపిన జాబితాలో ఒక ఇంగ్లీషు నవల ఉంది. పేరు 'డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్వైలైట్'. మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ అనే ఇద్దరు కలిసి రాసింది. 1984లో అమెరికాలో వచ్చింది. పేరు చూడగానే కమిటీలో రెండు పక్షాలయ్యాయి. 'ఇదెందుకప్పా మన పిల్లోళ్ళకి?' అని కొందరు, 'ఎందుకు కాకూడదు?' అని కొందరు. చదవకుండా వాదించుకోవడం బాగుండదని నాలుగు ప్రతులు తెప్పించి, చేతులు మార్చుకుంటూ పదిమంది చదివాం. అందులో ఇద్దరు ఇప్పటి విద్యార్థులు, ఒక ఇంగ్లీషు టీచరమ్మ, రిటైరైన మన లెక్కల సారు కూడా ఉన్నారు.

ముందు ఆ నవల పుట్టుక చెప్పాలి. అది ఒక ఆటలోంచి పుట్టింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తయారుచేశారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర. ఒకడు కత్తివీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. 'తలుపు పగలగొడతాను' అంటే సరిపోదు, ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పడిన అంకెను బట్టి తలుపు పగులుతుందో, భుజం విరుగుతుందో తేలుతుంది. ఆ ఆటను అమ్మే కంపెనీలో పనిచేస్తూ హిక్‌మన్ డ్రాగన్లు నిండిన ఒక కొత్త లోకాన్ని ఆట కోసం ఊహించాడు. ఆటతో పాటే ఈ నవలా వచ్చింది.

మనకిది మరీ వింతేమీ కాదు. వైకుంఠపాళిలో పై వరుసల్లో నోరు తెరుచుకుని కూర్చున్న పెద్దపామును చూసి గవ్వలు వేసేటప్పుడు చెయ్యి వణకని పిల్లవాడెవడు? మన ఊళ్ళలో రచ్చబండ రాళ్ళ మీద పులిజూదం గీతలు ఇప్పటికీ కనబడతాయి. మూడు పులులు, పదిహేను మేకలు. బలం లేనివాళ్ళంతా కూడి బలవంతుణ్ణి కదలకుండా కట్టేసే కథ అది. మనవాళ్ళు దాన్ని నవలగా రాయలేదు, అంతే.

ఇక నవల కథ. క్రిన్ అనే లోకం. ఆకాశం నుంచి అగ్నిపర్వతం లాంటిది పడి మహాప్రళయం జరిగింది. అప్పటినుంచి మూడు వందల ఏళ్ళకు పైగా దేవుళ్ళ జాడ లేదు. ఐదేళ్ళ క్రితం విడిపోయిన మిత్రులు ఒక చెట్టు మీది సత్రంలో మళ్ళీ కలుస్తారు. రోగం నయం చేసే నీలిరంగు స్ఫటికపు దండంతో ఒక స్త్రీ అక్కడికి వస్తుంది. ఆ దండం కోసం శత్రువులు వెంటపడతారు. కథల్లో తప్ప లేవనుకున్న డ్రాగన్లు నిజంగానే తిరిగొచ్చాయని తెలుస్తుంది. అందరూ పారిపోతూ, పోరాడుతూ, దేవుళ్ళ జాడ వెతుకుతూ పోతారు.

ఇప్పుడు అభిప్రాయాలు.

తొమ్మిదో తరగతి అబ్బాయికి అందులోని మంత్రగాడు రైస్ట్‌లిన్ తెగ నచ్చాడు. బక్కపలచటి మనిషి, ఎప్పుడూ దగ్గు, కవల సోదరుడేమో కొండంత బలశాలి. 'వాడికి ఒంట్లో బలం లేదు సార్, తెలివి మీదే బతుకుతాడు. కానీ మంచోడో చెడ్డోడో చివరిదాకా తెలీదు' అన్నాడు ఆ అబ్బాయి. నలభై ఏళ్ళుగా ఈ పుస్తకం చదివినవాళ్ళలో చాలామంది చెప్పే మాట కూడా ఇదే. మన పిల్లవాడు ఎవరి విమర్శా చదవకుండా అక్కడికే చేరాడు.

పదో తరగతి అమ్మాయి ఫిర్యాదు చేసింది. 'పేరులో డ్రాగన్లు పెట్టి అది కనబడ్డానికి అన్ని పేజీలు తిప్పించారు. పైగా మొదటి పుస్తకంతో కథ అయిపోలేదు' అంది. న్యాయమైన ఫిర్యాదే. ఇది మూడు పుస్తకాల్లో మొదటిది.

జాబితా పంపిన తమ్ముడి బ్యాచ్‌మేటు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కటువుగా మాట్లాడాడు. 'గది తరవాత గది, పోరు తరవాత పోరు. పేజీ తిప్పుతుంటే పాచిక దొర్లే చప్పుడు వినిపిస్తోందన్నా' అన్నాడు. ఇంగ్లీషు టీచరమ్మ ఇంకో మాట చేర్చారు. మరుగుజ్జు యోధుడు, సగం ఎల్ఫ్ నాయకుడు, గడ్డం మాంత్రికుడు, వీళ్ళందరి మీదా టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నీడ పడిందని. వాక్యాలు మాత్రం చిన్నవి, పదో తరగతి పిల్లలు నిఘంటువు పక్కన పెట్టుకుంటే లాగగలరు అన్నారు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇది గొప్ప నవల కాదు. దుష్టులు మరీ దుష్టులుగా, చదునుగా ఉంటారు. కొన్నిచోట్ల మనుషులు పావుల్లాగే కదులుతారు. కానీ ఒక్క విషయంలో ఆట దీనికి మేలు చేసింది. ఆటకు నియమాలుండాలి. అందుకని ఇందులో మంత్రానికి కూడా హద్దుంది. రైస్ట్‌లిన్ ఒక మంత్రం వాడితే అది అతని బుర్రలోంచి చెరిగిపోతుంది. మళ్ళీ నిద్రపోయి, లేచి, పుస్తకం తీసి వల్లె వేసుకోవాలి. అందాకా అతని దగ్గర ఏమీ లేదు. మనకు ఇది వెంటనే అర్థమవుతుంది. మోటారు ఎన్ని హార్స్‌పవర్లదైతేనేం, బోరులో నీళ్ళు ఊరేదాకా ఆగాల్సిందే కదా!

ఇక లెక్కల సారు మాట. ఆయన పుస్తకం మొత్తం చదివారు, మార్జిన్లలో పెన్సిలు గుర్తులు కూడా పెట్టారు. చివర ఇలా అన్నారు: 'పశ్చిమ కనుమల చాటున పడి నైరుతి వాన మనకు సరిగా రాదు. సముద్రానికి దూరమై ఈశాన్యం వానా అందదు. ఏడాదికి ఐదు వందల యాభై మిల్లీమీటర్లు పడితే గొప్ప. చెనిక్కాయ పంట పోతే సగం మంది తండ్రులు బెంగళూరు బండెక్కుతారు. ఆ ఇళ్ళ పిల్లలకి నాలుగు లెక్కల పుస్తకాలు, నాలుగు పోటీ పరీక్షల పుస్తకాలు ఇవ్వండి. లేని జంతువుల కథలెందుకు?'

ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. మా అందరికీ కూడికలు నేర్పి అన్నం పెట్టిన చెయ్యి అది. అందుకే జవాబు మన నేలలోనే వెతికాను.

మొదటి జవాబు చందమామ. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో 1954లో 'తోకచుక్క' అనే సీరియల్ వచ్చింది. టోల్కీన్ పెద్ద నవల మొదటి భాగం ఇంగ్లండులో వెలువడిందీ ఆ ఏడే. 'తోకచుక్క'తో మొదలై 'మకరదేవత', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' ఇలా 12 సీరియళ్ళు ఒక్కరే రాశారు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం గారు. పేరు వేసేవారు కాదు. ఖడ్గవర్మ, జీవదత్తుల వెంట కొండలెక్కిన మాకు, రాసిందెవరో పెద్దయ్యాకగానీ తెలియలేదు. చిత్రా గారు వేసిన వింత మృగాల బొమ్మలు మాత్రం కళ్ళు మూసుకున్నా కనబడేవి. మా వీధిలో నాలుగిళ్ళకు ఒక చందమామ. 'ఇంకా ఉంది' దగ్గర ఆగిపోతే, వచ్చే నెల దాకా తర్వాత ఏం జరుగుతుందో మేమే కల్పించుకునేవాళ్ళం. ఆలోచిస్తే అదీ ఒక ఆటే, పాచిక ఒక్కటే తక్కువ.

అప్పుడు కూడా లెక్కల సారు అడిగిన ప్రశ్నే వచ్చింది. మాంత్రికులు, రాక్షసులు పిల్లలకెందుకని చక్రపాణి గారికే ఈ సీరియళ్ళు రుచించేవి కావంటారు. 'రాకాసిలోయ' అయ్యాక కొంతకాలం వీటిని పక్కన పెట్టి బంకించంద్రుడి 'దుర్గేశనందిని' లాంటివి వేశారు. అదీ మంచి నవలే. కానీ పాఠకులకు మాంత్రికులే కావలసి వచ్చారు. 1966లో 'పాతాళదుర్గం'తో దాసరి గారు మళ్ళీ వచ్చారు. పాఠకుల అభిప్రాయానికి అంత బలం ఉంటుందన్నమాట. ఆ పాఠకుల్లో మన జిల్లా పిల్లలూ ఉన్నారు. వాళ్ళెవరూ ఆ కథలు చదివి లెక్కలు మరిచిపోలేదు సార్. మీ దగ్గర నూటికి తొంభై తెచ్చుకున్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు.

రెండో జవాబు ఇంకా పాతది. వాన పడకపోతే మన పెద్దలు ఏం చేసేవాళ్ళు? విరాటపర్వం చదివించేవాళ్ళు. మారువేషాల్లో దాక్కున్న మహావీరుల కథ అది. బావి ఎండింది, గొడ్లకు మేత లేదు, అయినా ఊరంతా గుడి ముందు కూర్చుని రాత్రి పొద్దుపోయేదాకా కథ విన్నారు. వాన పడిందా లేదా అన్నది వేరే సంగతి. కష్టకాలంలో కథ ఎందుకని మాత్రం ఈ నేల ఎప్పుడూ అడగలేదు. క్రిన్ లోకంలో దేవుళ్ళు వెళ్ళిపోయాక జనం ఎలా బతుకుతున్నారో చదువుతుంటే నాకు ఆ గుడి ముందు జనమే గుర్తొచ్చారు. మన పదో తరగతి అమ్మాయి కూడా అదే అడిగింది. 'దేవుళ్ళు వాళ్ళను వదిలేశారా, వాళ్ళే దేవుళ్ళను వదిలేశారా సార్?' అని. ఇలాంటి ప్రశ్న రేపే పుస్తకాన్ని లేని జంతువుల కథ అని తీసెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

లెక్కల సారుతో ఇదంతా చెప్పాను. 'సరే, కొనండి. కానీ లెక్కల పుస్తకాలు తగ్గించొద్దు' అన్నారు. ఒప్పందం కుదిరింది.

కాబట్టి కమిటీ తరఫున మూడు ప్రతిపాదనలు.

ఒకటి. డ్రాగన్ల నవల మూడు భాగాలూ కొందాం. వాటికంటే ముందు దాసరి గారి 12 సీరియళ్ళూ కొందాం. ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతున్నాయి. తెలుగులో పరుగెత్తడం వచ్చిన పిల్లలకు ఇంగ్లీషులో నడవడం అంత కష్టం కాదు. ముందు పుస్తకం చివరిదాకా చదివిన సంతోషం రుచి తెలియాలి.

రెండు. పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేస్తే చెదలకు తప్ప ఎవరికీ ఉపయోగం లేదు. శనివారం చివరి పీరియడు ఒకటి కథకు ఇమ్మని హెడ్మాస్టరు గారిని కోరుతున్నాం. ఉపాధ్యాయులు ఒక అధ్యాయం పైకి చదవాలి. వలస పోయి నడి ఏడాదిలో తిరిగొచ్చే పిల్లలుంటారు. పాఠాల్లో వెనకబడిన పిల్లవాడు కూడా కథలో ఆ వారమే కలిసిపోగలడు.

మూడు, పిల్లలకు. ఆట మీరే తయారుచేయండి. నవల మీరే రాయండి. సరుకంతా మన చుట్టూ ఉంది. తాడిపత్రి చింతల వెంకటరమణస్వామి గుళ్ళో రాతిరథం ఉంది. స్తంభాల మీద సింహం ఒళ్ళూ ఏనుగు తొండమూ ఉన్న యాళి ఉంది. మనకు డ్రాగన్ ఎందుకు, యాళి చాలదా? లేపాక్షిలో ఏడు పడగల నాగేంద్రుడున్నాడు. గుత్తి కోట ఉంది. కదిరి దగ్గర ఐదెకరాలకు పైగా పరుచుకున్న తిమ్మమ్మ మర్రిమాను ఉంది. తాడిపత్రి దాటి కాస్త పోతే మూడు కిలోమీటర్లకు పైగా నేల కిందే సాగే బెలుం గుహలున్నాయి. వాటి అడుగున నీటి చోటు పేరే పాతాళగంగ. అమెరికా వాళ్ళు ఊహించుకోవలసి వచ్చినవి మనకు బస్సు టికెట్టు దూరంలో ఉన్నాయి. నియమాలు మాత్రం గట్టిగా పెట్టుకోండి. మీ కథలో వీరుడికి ఎన్ని శక్తులున్నా, రోజుకు బిందెడు నీళ్ళే దొరుకుతాయని పెట్టండి. అప్పుడు చూడండి కథ ఎలా నడుస్తుందో!

రాసినవి సంఘానికి పంపండి. మంచివాటిని వచ్చే ఏటి సంచికలో మీ పేర్లతో వేస్తాం. దాసరి గారి పేరు తెలియడానికి మా తరం చాలా ఏళ్ళు ఆగింది. మీ పేరు కోసం ఎవరూ అలా ఆగనక్కర్లేదు.

కార్యదర్శి గారు గంట మీద చెయ్యి వేశారు.