పంట కాపలా, తుపాకి, చట్టం

చేలో పడుతున్న అడవిపందికి, జింకకు ఏ తుపాకి మేలని నారాయణఖేడ్ రైతులు చాలామంది అడుగుతున్నారు. అంతకన్నా ముందు చూసుకోవలసింది చట్టం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. పంటకు ముప్పైతే, రెండో షెడ్యూల్లోని అడవిపందిని కాల్చడానికి 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి దొరకవచ్చు. కృష్ణజింక మొదటి షెడ్యూల్లో ఉంది. అది చేనంతా మేసినా ఆ కారణంతో చంపడానికి వీల్లేదు. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు.

ఇక తుపాకి సంగతి. అనుమతి పొందిన షూటర్ చేతిలో ఉండేది చాలావరకు పన్నెండు బోరు తుపాకి, లేదా ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీ తయారీ 315 రైఫిల్. రైఫిల్ తూటా గురి తప్పితే కిలోమీటరు దాటి పోతుంది. మన చదును చేలలో, కందిచేను అవతల కాపలా మనిషి ఉంటే? అందుకే జంతువు వెనక మట్టికట్ట కనిపించనిదే ట్రిగ్గర్ నొక్కకూడదు. పన్నెండు బోరులో పెద్ద సీసపు గుళ్లు ముప్పై, నలభై మీటర్ల లోపే నమ్మకంగా పనిచేస్తాయి. దూరం నుంచి కాలిస్తే జంతువు గాయంతో పారిపోయి, రోజుల తరబడి నరకం చూస్తుంది. అది నేను సహించలేని విషయం.

కరెంటు తీగలు, ఉచ్చులు మాత్రం వద్దే వద్దు, వాటికి మనుషులూ బలవుతున్నారు. పంట నష్టపోతే ముందు అటవీ రేంజ్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి.