కుటుంబం బరువు ఎవరి మీద?



కుటుంబం సమాజానికి పునాది అని మనం తరచూ చెప్పుకుంటాం. ఆ పునాదిని మోస్తున్నదెవరో ఈ పూట కలిసి ఆలోచిద్దాం.

అమెరికా మానవశాస్త్రవేత్త జార్జ్ పీటర్ మర్డాక్ 250 సమాజాలను పోల్చి చూసి, 1949లో కుటుంబానికి నాలుగు ప్రకార్యాలు చెప్పాడు. అవి లైంగిక జీవితానికి కట్టుబాటు, సంతానం, ఆర్థిక సహకారం, పిల్లలకు విద్యాబుద్ధులు. తర్వాత టాల్కాట్ పార్సన్స్, ఆధునిక సమాజంలో చాలా పనులు ఫ్యాక్టరీకీ బడికీ ఆసుపత్రికీ పోయాయన్నాడు. పిల్లలను సమాజానికి తగినట్టు తీర్చిదిద్దడం, పెద్దల మనసుకు నిలకడ ఇవ్వడం, ఈ రెండే ముఖ్యంగా కుటుంబానికి మిగిలాయని అతని వాదన.

ఇందులో నిజముంది. కాని ఆ నిలకడ ఇచ్చేదెవరు, పొందేదెవరు? ఆస్తి తన వారసులకే దక్కాలన్న మగవాడి కోరికతో ఏకపత్నీ కుటుంబం బలపడిందని ఏంగెల్స్ 1884లోనే రాశాడు. ఇంటిపని కూడా పనేనని ఆన్ ఓక్లీ 1974లో గృహిణుల మాటల ద్వారానే చూపించింది. మన దేశంలో 2019 కాలవినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు, చేసే పురుషులు 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకునే పురుషులు సుమారు నలుగురిలో ఒక్కరే.

మన దేశంలో కుటుంబం మరో పని కూడా చేస్తోంది. సొంత కులంలోనే పెళ్లి అనే కట్టుబాటే కులానికి ప్రాణమని అంబేద్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో వివరించారు. తరాల కిందట పొట్ట చేతపట్టుకుని రాష్ట్రం దాటి వచ్చాం. విశ్వాసం మారింది, ఇరుగుపొరుగు భాష నోటికొచ్చింది. అయినా సంబంధం మాట రాగానే "వాళ్లేమిట్లు?" అని మన ఇళ్లలోనూ అడుగుతున్నాం కదా!

ఆస్తి సంగతీ అంతే. వీలునామా లేకుండా తండ్రి చనిపోతే, 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ కుటుంబంలో కొడుకుకూ కూతురికీ సమాన వాటా. కేరళలో మేరీ రాయ్ ఆ హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో గెలిచారు. మనమో, "నీకు పెళ్లి చేశాం కదమ్మా, అన్నయ్య కోసం సంతకం పెట్టు" అంటాం.

యువతీ యువకులారా, కుటుంబాన్ని కూలదొయ్యమని మేము చెప్పడం లేదు. పిల్లవాడు న్యాయాన్నీ అన్యాయాన్నీ మొదట నేర్చుకునేది ఇంట్లోనే. అమ్మ ఒక్కతే అంట్లు తోముతుంటే చూసి పెరిగిన బిడ్డకు సమానత్వం గురించి ఎంత ప్రసంగించినా తలకెక్కదు. ఈ రాత్రి భోజనాలయ్యాక ఆ గిన్నెల దగ్గరికి మనం వెళ్దాం. చెల్లెలి వాటా గురించి చెల్లెలు నోరు తెరవకముందే మనమే మాట్లాడదాం.