బండి వేడెక్కక ముందే



ఎండాకాలం మధ్యాహ్నం హైదరాబాద్ – వరంగల్ రోడ్డు మీద, రఘునాథపల్లి దాటేచోట, బానెట్ ఎత్తి పక్కకు ఆపిన పాత కారు కనబడడం కొత్తేమీ కాదు. పిల్లలు చెట్టు నీడకు చేరతారు. నడిపే ఆయన నీళ్ల సీసా పట్టుకుని రేడియేటర్ మూత మీద చేయి వేస్తాడు. ఆ చేయి అక్కడ పడకుండా చూడడానికే ఈ ప్రసంగం.

ఇంజన్‌లో కాలిన పెట్రోలు, డీజిల్ ఇచ్చే శక్తిలో బండిని నడిపేది కొంతే. మిగతాదంతా వేడే. అందులో కొంత పొగగొట్టం గుండా పోతుంది, కొంత ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్ పట్టుకుని రేడియేటర్‌కు తెస్తుంది. అక్కడ గాలి తగిలి చల్లబడి మళ్లీ ఇంజన్‌లోకి పోతుంది. కూలెంట్ అంటే ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం, నీళ్లు, వాటితో పాటు తుప్పు పట్టనివ్వని మందులు. మామూలుగా గ్లైకాల్ సగం, నీళ్లు సగం. మంచు పడని మన జనగామ జిల్లాలో ఇదెందుకని కొందరంటారు. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. మరిగే వేడిని పెంచడం, లోపలి లోహాన్ని తినకుండా కాపాడడం మనకు కావలసిన పనులు.

రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూతలా పనిచేస్తుంది. ఒత్తిడి పెరిగితే ద్రవం 100 డిగ్రీల దగ్గర మరగదు, 120 దాటినా ద్రవంగానే ఉంటుంది. వేడి మీద మూత తిప్పారా, ఒత్తిడి ఒక్కసారిగా పోయి, లోపలున్నదంతా మరిగి ఆవిరితో సహా ముఖం మీదికి చిమ్ముతుంది. గుడ్డ చుట్టి తిప్పితే ఏమీ కాదనుకోవద్దు. ఆవిరికి గుడ్డ అడ్డం కాదు.

టెంపరేచర్ ముల్లు హెచ్ వైపు పోతుంటే ఏసీ ఆపండి. బండి పక్కకు తీసి ఇంజన్ ఆపండి. అరగంటో, ముప్పావు గంటో ఆగండి. పైన ఉండే లావు గొట్టం చేతికి చల్లగా తగిలాకే మూత మాట. సెగలు కక్కే ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే ఇంజన్ పైభాగమైన హెడ్ పగలొచ్చు, వంకర పోవచ్చు. చల్లారాక మంచినీళ్ల సీసాలోవి పోసి మెకానిక్ దాకా పోవచ్చు, అది ఆ పూటకే. జాతీయ రహదారి మీద సాయానికి 1033కు ఫోన్ చేయొచ్చు.

అక్కడిదాకా రాకూడదంటే పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు, సమతలమైన నేల మీద బానెట్ ఎత్తండి. రేడియేటర్ పక్కన తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. దాని మీద ఫుల్, లో అని రెండు గీతలు. కూలెంట్ ఆ రెండింటి మధ్య ఉండాలి. పాత బండ్లలో డబ్బా పసుపెక్కి గీతలు కనబడవు. వెనక నుంచి టార్చిలైటు వేస్తే మట్టం తెలుస్తుంది. డబ్బా ఖాళీ అయితే రేడియేటర్ మూత కూడా తీసి చూడాలి, అదీ చల్లటి బండి మీదే.

తగ్గితే పోసేస్తే సరిపోతుందా? ఇక్కడే చాలామంది పొరబడతారు. కూలెంట్ పెట్రోలు కాదు, వాడితే అయిపోదు. వారం వారం తగ్గుతోందంటే ఎక్కడో పోతోంది. గొట్టం క్లిప్పు దగ్గర తెల్లటి, ఆకుపచ్చటి మరక, బండి కింద తడి, లోపల తీపి వాసన, వాటర్ పంపు దగ్గర కారుడు చూడండి. ఏదీ కనబడక తగ్గుతుంటే, ఇంజన్ ఆయిల్ మూత తీయండి. లేత గోధుమ రంగు జిగట కనిపిస్తే, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయిందేమోనని అనుమానించాలి. అప్పుడు డ్రైవింగ్ మానేసి మెకానిక్‌ను పిలవడమే చవక. ఫ్యాన్ కూడా చూడాలి. మేడారం జాతర దారిలో బండ్లు బారులు తీరి నెమ్మదిగా కదులుతుంటే ముందు నుంచి గాలి తగలదు, ఫ్యాన్ ఒక్కటే దిక్కు. కరెంటు ఫ్యానైతే బండి ఆపాక కూడా ఉన్నట్టుండి తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త.

ఇక నీళ్ల సంగతి. మన జనగామ వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పెచ్చే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. అది వేడిని బయటికి పోనివ్వదు. అందుకే డిస్టిల్డ్ వాటరే వాడాలి. బ్యాటరీలో పోయడానికి అమ్మేది అదే, యాసిడ్ సీసా మాత్రం కాదు, అడిగి కొనండి. నీళ్లు కలిపి అమ్మే కూలెంటైతే మళ్లీ నీళ్లు కలపొద్దు. రంగు చూసి ఇదీ అదీ కలపొద్దు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం కంపెనీల ఇష్టం. లోపలి మందులు వేరు వేరు. బండి పుస్తకంలో రాసిందే పోసి, అందులో చెప్పిన గడువుకు మార్చండి.

ఇంట్లో వాళ్లు వినాల్సింది చివర చెప్తున్నా. కూలెంట్ తియ్యగా ఉంటుంది, అది విషం. ఒంట్లోకి పోయాక ఆక్సాలిక్ ఆమ్లంగా మారి కిడ్నీలను పాడు చేస్తుంది. మొదట తూలడం, వాంతులు, తాగినట్టు ఉండడం కనబడతాయి, కిడ్నీల దెబ్బ గంటల తర్వాత బయటపడుతుంది. మిగిలిన కూలెంట్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి అరుగు మీద పెట్టకండి. కింద కారితే కడిగేయండి, కుక్కలు, పిల్లులు నాకుతాయి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. సీసాతో సహా వెంటనే 108లో ఆస్పత్రికి పోండి, లక్షణాలు రాలేదని ఆగొద్దు. ఆవిరి తగిలి కాలితే ఇంకు, టూత్‌పేస్ట్ పూయకుండా ఇరవై నిమిషాలు చల్లటి కుళాయి నీళ్లు పారించండి, కళ్లకు తగిలితే కడుగుతూనే ఆస్పత్రికి బయలుదేరండి.

ఈ ఆదివారం పొద్దున బండి తాళం తీసే ముందు ఒకసారి బానెట్ ఎత్తి చూడండి.