పనిచోట పొంచియున్న అపాయము



భారతములోని లక్కయింటి కథ ఎఱుగనివారు ఈ సభలో నుండరు. వారణావతమున ఆ యింట నడుగిడగనే ధర్మరాజు నేయి, లక్క కలసిన వాసన పసిగట్టెను. విదురుడు పంపిన ఖనకునిచే సొరంగము త్రవ్వించెను. వేట నెపమున తమ్ములతో తిరిగి దారులన్నియు చూచి యుంచెను. నిప్పంటుకొన్న రాత్రికి బయటపడు త్రోవ ముందే సిద్ధమై యున్నది. అపాయమును గుర్తించుట, ఉపాయమును ముందే చేసికొనుట, ఈ రెండును కూడిననే రక్షణ. ఒడలు వంచి పనిచేయు ప్రతివానికిని ఈ కథ పాఠము.

భావనపాడున పలువురి జీవనము కడలిమీదిది. తీరమున విరుగు అలలను దాటునపుడు పడవ తలక్రిందు లగునను సంగతి ఇచ్చటి పసివారికిని తెలియును. అయినను నిత్యము చూచు అపాయము క్రమముగా కంటికి ఆనదు. నలిగిన త్రాడు, నీరూరు పలక, మూతలేని యింజను చక్రము, ఇవన్నియు “నిన్న ఏమియు కాలేదు గదా” యను మాటమీదనే నేడును సముద్రమునకు పోవుచుండును. నిన్నటి అదృష్టము నేటికి పూచీ పడదు.

విశాఖపట్టణము, కళింగపట్టణము వంటి రేవులలో ఎగురవేయు తుపాను సూచికలు 1 మొదలు 11 వరకు నున్నవి. 1, 2 దూరపు సముద్రమున గాలివాన పుట్టినదని తెలుపును. 3, 4 రేవునకు సోకవచ్చునని హెచ్చరించును. 5, 6, 7 అపాయమును, 8, 9, 10 మహాపాయమును చాటును. 11 వచ్చినచో వార్తాసంబంధములు తెగిన వని యర్థము. సంఖ్య చిన్నదని అలక్ష్యము చేయరాదు. ఓడకు చిన్నగాలి యైనది తెప్పకు పెనుగాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస చెంత తీరము దాటిన తిత్లీ తుపాను గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగమున వీచి, ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలగూల్చెను. అట్టి గాలి యెదుట ఈతనేర్పును, కండబలమును ఏపాటివి?

కొన్ని అపాయములు గర్జింపవు. నౌపడ ఉప్పుమడులలో తెల్లని మెఱపు కన్నులను, ఉప్పునీరు పాదములను మెల్లమెల్లగా తినివేయును. మండుటెండలో దాహ మగువరకు నీరు త్రాగక పనిచేయువాడు సొమ్మసిల్లి పడును. పలాస జీడిపిక్కల పెంకులోని నూనె చేతులను పొక్కించును. పిక్కలు కాల్చు పొగ కన్నులను, ఊపిరిని బాధించును. పుండు పడిన చేతిని చూచి “ఈ పనియే యింత” యని సరిపెట్టుకొనుట ఓర్పు కాదు, ఏమరుపాటు.

ఉపాయములకు ఒక వరుస కలదు. మొదట అపాయమునే తొలగింపవలెను: నలిగిన త్రాడు మార్చుట, గాలివాననాడు పడవ కదపకుండుట. తొలగింపరానిచో అడ్డు పెట్టవలెను: చక్రమునకు మూత, పొగకు గొట్టము, ఎండకు పందిరి. అటుపిమ్మట ఒడలికి రక్ష: ప్రాణరక్షక కవచము, తొడుగులు, కంటియద్దములు, కాళ్లకు రబ్బరు జోళ్లు. యజమానులు తొలి రెండింటి వ్యయమునకు వెఱచి, మూడవదానితో సరిపుచ్చి భారమంతయు కూలివానిపై వేయుట తగదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మాట. పడవలో చిన్నవాడు “త్రాడు నలిగినది, మామా” యన్నప్పుడు నవ్వి “పిఱికివాడా” యనిన పెద్ద, మరునాడు ఆ నోరు తెఱవకుండ చేసినవాడగును. విదురుని మాట విన్నందుననే గదా పాండవులు బ్రదికిరి!

గ్రంథాలయము పుస్తకములకే పరిమితము కానక్కరలేదు. వాకిట నొక నల్లబల్ల నుంచి, వాతావరణశాఖవారి హెచ్చరికను ఉదయము, సాయంకాలము పెద్దయక్షరములతో వ్రాసి, చదువురానివారికి చదివి వినిపించినచో, ఆ రెండు పంక్తులు ఒకనాడు ఒక యింటి దీపమును నిలుపవచ్చును. చదువునకు అంతకు మించిన ఫలమేమున్నది?